ఎల్లమ్మ కొండెక్కించిన సెంటు దీపం

ఫిల్మ్ నగర్ బస్తీలో మా నాయనమ్మ ఎల్లమ్మ వీధి మలుపు తిరగకముందే ఆమె వాసన తిరిగేది. సాంబ్రాణి వాసన. కొంగుకి అదే, కొప్పుకి అదే, బొడ్లో దోపుకున్న వక్కల సంచికి కూడా అదే. తాత బాలనర్సయ్య స్టూడియోలో లైట్లు మోసేవాడు. పని దిగి గడపలోకి వస్తూనే ముక్కు ఎగబీల్చి, "ఇది ఇల్లా, గుడా? చెప్పులు యాడ ఇడ్వాలె?" అనేవాడు.

"నీ నెత్తి మీద ఇడ్వు" అని ఎల్లమ్మ కసిరేది. కసిరేదే గానీ, ఆ మాట అన్న రోజు తాత పళ్లెంలో కూర ఒక గరిటె ఎక్కువ పడేది. అందుకే తాత ఆ మాట వారంలో నాలుగు రోజులు అనేవాడు.

ఆ వాసన ఆమెకి జూబ్లీ హిల్స్‌లోని లక్ష్మీకాంతమ్మ గారింటి నుంచి అంటుకుంది. ఎల్లమ్మ ఆ ఇంట్లో పనికి కుదిరినప్పుడు ఆ రోడ్డు మీద ఇళ్ల కంటే బండలే ఎక్కువ. లక్ష్మీకాంతమ్మ గారి భర్త సుబ్రహ్మణ్యం గారు సినిమాలు తీసేవారు. బెజవాడ నుంచి మద్రాసు, మద్రాసు నుంచి ఇక్కడికి వచ్చిన కుటుంబం. ఎల్లమ్మ ఆ ఇంట్లో అంట్లు తోమేది, ఇల్లు తుడిచేది, బట్టలు ఆరేసేది. అవన్నీ ఎవరైనా చేసే పనులే. ఆమె తనదని గుండె మీద చెయ్యేసుకుని చెప్పుకునేది ఒక్కటే. దీపాలు పెట్టే వేళ ఇంటికి ధూపం వేయడం.

పెరట్లో కుంపటి మీద బొగ్గులు ఎర్రగా కాలేదాకా కూర్చునేది. వాటిని చిమటాతో ఇత్తడి ధూపం గిన్నెలోకి ఎత్తి, సాంబ్రాణి పొడి చల్లి, అట్టముక్కతో విసిరేది. ఆ అట్ట సుబ్రహ్మణ్యం గారి పాత సినిమా బోర్డులోంచి కోసుకున్నది. దాని మీద ఎవరో హీరోయిన్ ముఖం సగం ఉండేది. ఒక కన్ను, సగం ముక్కు, నవ్వులో నాలుగు పళ్లు. ఎల్లమ్మ విసిరినప్పుడల్లా ఆ ఒక్క కన్ను రెపరెపలాడేది.

ఇక హాల్లోకి ఆమె వచ్చే తీరు చూడాలి. ఒక చేతిలో పొగలు కక్కే గిన్నె, ఇంకో చేతిలో అట్ట. సోఫాల్లో ఎవరు కూర్చున్నా సరే, మాట ఆపి కాళ్లు పక్కకు తీసుకోవాలి. హీరోలు తీసుకున్నారు. డబ్బు పెట్టేవాళ్లూ తీసుకున్నారు. కథ చెప్పడానికి వచ్చిన కొత్త డైరెక్టర్లయితే హీరోయిన్‌ని రౌడీల మధ్య అలాగే వదిలేసి లేచి నిలబడేవారు. ఎల్లమ్మ మూలమూలకీ పొగ చూపించి, తీరుబడిగా బయటికి వెళ్లాక గానీ ఆ పిల్లని కాపాడటానికి హీరో వచ్చేవాడు కాదు.

"గా ఇంట్ల నేను గిన్నె వట్టుకోని వస్తే ఎంత పెద్దోడన్న లేవాల్సిందే" అని బస్తీలో నల్లా దగ్గర చెప్పుకునేది. అబద్ధం కూడా కాదు.

తర్వాత కొండలు పేల్చారు. మాదాపూర్ వైపు అద్దాల బిల్డింగులు లేచాయి. మెడలో ఫోటో కార్డులు వేలాడేసుకున్న పిల్లలు చెక్‌పోస్ట్ దగ్గర కంపెనీ బస్సుల కోసం నిలబడటం మొదలుపెట్టారు. సినిమా వాళ్ల మేడల పై అంతస్తులు సాఫ్ట్‌వేర్ వాళ్లకి కిరాయికి వెళ్లాయి. లక్ష్మీకాంతమ్మ గారింట్లో కిరాయికి ఎవరూ రాలేదు గానీ కోడలే వచ్చింది. పేరు వర్ణిక. మాదాపూర్‌లో పెద్ద ఉద్యోగం. పొద్దున వెళ్తే ఇంటికొచ్చేసరికి చీకటి పడేది.

వర్ణిక వచ్చిన ఏడాదే ఆ ఇంటి హాలుకి కొత్త పైకప్పు, కిటికీలకి అద్దాలు, ఏసీలు వచ్చాయి. పొగ బయటికి పోయే దారి మూసుకుపోయింది. తెల్లటి కప్పు మీద మసి చార కనపడింది. దానికి తోడు వర్ణికకి దగ్గు.

"అత్తయ్యా, నాకు బ్రీతింగ్ ప్రాబ్లం వచ్చేలా ఉంది. ఈ స్మోక్ ఆపేద్దాం ప్లీజ్" అంది ఒక ఆదివారం.

లక్ష్మీకాంతమ్మ గారు ఇబ్బందిగా ఎల్లమ్మ వైపు చూసి, "శుక్రవారం శుక్రవారం పెరట్లో వేద్దాంలే ఎల్లమ్మా. దేవుడు పెరట్లో కూడా ఉంటాడు కదా" అన్నారు.

పెరట్లో దేవుడు ఉండొచ్చు. కాళ్లు పక్కకు తీసుకునే హీరోలు ఉండరు కదా!

ఆ పుండు మానకముందే వర్ణిక కంపెనీ పని మీద పారిస్ వెళ్లొచ్చింది. వస్తూ ఒక దీపం తెచ్చింది. ఊదా రంగు గాజు బుడ్డి, అరచేతిలో పట్టేంత. మూతి దగ్గర నూలు వత్తి, ఆ వత్తి నెత్తిన తెల్లటి రాతి బిళ్ల. బుడ్డిలో పోయడానికి పూల వాసన కలిపిన స్పిరిట్. పైన పెట్టడానికి రెండు మూతలు. ఒకటి జల్లెడలా చిల్లులది, ఇంకొకటి గట్టిది. ఇల్లంతా వాసన వస్తుంది, పొగ చుక్క కూడా ఉండదు. ఎల్లమ్మ దానికి సెంటు దీపం అని పేరు పెట్టింది. పేరు పెట్టింది కాబట్టి తనకే ఇస్తారనుకుంది.

ఇవ్వలేదు. వర్ణిక దాన్ని నవత చేతిలో పెట్టింది.

ఇక్కడే అసలు మంట. నవత ఎవరో కాదు, ఎల్లమ్మ సొంత కోడలు, అంటే మా అమ్మ. ఎల్లమ్మకి మోకాళ్లు పట్టేస్తున్నాయని, తోడుగా ఉంటుందని, తానే చెయ్యి పట్టుకుని ఆ ఇంటికి తీసుకెళ్లింది. "పది పాసైంది అమ్మా, ఇంగ్లీషు గూడ సదువుతది" అని గొప్పగా చెప్పింది కూడా తానే. ఆ ఒక్క గొప్ప చెప్పకుండా ఉంటే ఎంత బాగుండేదని తర్వాత చాలాసార్లు నాలుక కరుచుకుంది.

వర్ణిక బల్ల దగ్గర నిలబడి నవతకి పాఠం చెప్పింది. ఎల్లమ్మ తలుపు వారన నిలబడి, తుడిచిన గడపనే మళ్లీ తుడుస్తూ విన్నది.

"నవతా, జాగ్రత్తగా విను. బుడ్డి నిండా పోయకూడదు, కొంచెం ఖాళీ వదలాలి. పోశాక వత్తి నానేదాకా ఆగు. ఈ స్టోన్‌ని చేత్తో అస్సలు ముట్టుకోవద్దు. దానికి కంటికి కనపడని రంధ్రాలుంటాయి. జిడ్డు తగిలితే మూసుకుపోతాయి. వెలిగించి రెండు నిమిషాలు మంట ఉండనివ్వు, తర్వాత ఫూ అని ఊదెయ్. మంట పోయినా రాయి వేడిగా ఉంటుంది, ఆ వేడికే వాసన వస్తుంది. అప్పుడు చిల్లుల మూత. చాలనుకుంటే గట్టి మూత. అప్పుడప్పుడు ఈ వాసన లేని స్పిరిట్ పోసి వెలిగిస్తే లోపల క్లీన్ అయిపోతుంది. బుడ్డి పైన పొడిగుడ్డతో తుడవాలి. నీళ్లు, సబ్బు తగలనివ్వద్దు."

"గట్లనే చిన్నమ్మా" అంది నవత, అన్నీ ఎప్పుడో తెలిసినట్టు.

ఎల్లమ్మ ఆగలేకపోయింది. "నేను గూడ సాఫ్ జేస్త గద చిన్నమ్మా. పిల్లకు వేరే పని శానుంది."

"వద్దులే ఎల్లమ్మా, నువ్వు చింతపండు పెట్టి తోమేస్తావు!" అంది వర్ణిక.

అందరూ నవ్వారు. లక్ష్మీకాంతమ్మ గారు నవ్వారు, వంటమనిషి నవ్వింది. వాళ్లు నవ్వితే నవ్వారు. నవత కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎల్లమ్మకి ఆ కొంగు చాటు నవ్వు ఒక్కటే గుర్తుండిపోయింది.

ఆ రోజు నుంచి సాయంత్రం హాల్లో పూల తోట వాసన. నవత మెత్తటి గుడ్డతో బుడ్డి తుడుస్తుంటే వచ్చినవాళ్లు, "ఏంటమ్మా ఇంత బాగుంది, ఎక్కడిది?" అని అడిగేవారు. నవత తల ఎత్తి వివరంగా చెప్పేది. వెనక వంటింట్లో ఎల్లమ్మ తోమే గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేసేవి.

మా ఇంట్లో ఇంకో గోల. ఎల్లమ్మ కొడుకు, అంటే మా నాన్న తిరుమలేశ్ స్టూడియో వ్యాను నడిపేవాడు. అన్నం తింటూ, పెళ్లాం మంచినీళ్లు పెట్టబోతే ఆ చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏందే, నీ చెయ్యి గింత మంచి వాసనొస్తుంది?"

"సెంటు దీపం తుడిచిన గద" అంది నవత సిగ్గుపడుతూ.

"రోజు తుడువు. నాకు ఇంట్లనే పారిస్ కనవడ్తుంది."

"అన్నం దిను బిడ్డా, పారిస్ సల్లారిపోతుంది" అంది ఎల్లమ్మ. పక్కన బాలనర్సయ్య గుటకేసి, పైకి నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు.

మొగుడి మెచ్చుకోలు అంటే ఏమిటో ఎల్లమ్మకి తెలుసు కదా. తమ ఇంట్లో దాని హక్కుదారు ఇన్నాళ్లూ తానే. సెంటు దీపం వచ్చాక పెరట్లో శుక్రవారం ధూపం కూడా మానేశారు. ఇప్పుడు బొగ్గులు లేవు, పొగ లేదు, కొంగుకి సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. తాత చెప్పులు యాడ ఇడ్వాలె అని అడిగి చాలా రోజులైంది. మర్నాడు ఎవరూ చూడకుండా సీసాలోని స్పిరిట్ కాస్త చేతిలో ఒంపుకుని మెడకీ కొంగుకీ రాసుకుంది. వాసనలేని సీసా వేరు, వాసన సీసా వేరు అన్న సంగతి ఆమెకి తెలియదు. చేతికందింది వాసన లేనిది. ఇంటికెళ్లి తాత పక్కన కావాలని దగ్గరగా కూర్చుంది.

బాలనర్సయ్య ముక్కు ఎగబీల్చి కంగారుగా చూశాడు. "ఏమైందే? దవాఖానకు వోయినవా? సూదేసిండ్రా?"

"నీ ముక్కుకే సూదెయ్యాలె!" అని లేచిపోయింది. ఆ రాత్రి కూరలో గరిటె కాదు కదా, అసలు కూరే పడలేదు తాతకి.

ఇక ఊరుకుంటే లాభం లేదనుకుంది ఎల్లమ్మ. సాయంత్రం హాలు తలుపు కర్టెన్ వెనక నిలబడి, నవత ఏం చేస్తుందో మొదటి నుంచి చివరిదాకా చూసింది. నవత స్పిరిట్ పోసింది. ఆగింది. అగ్గిపుల్ల గీసింది. రాతి బిళ్ల మీద నీలంగా, పసుపుగా మంట లేచింది. గోడ గడియారం చూసింది. తర్వాత వంగి, బుగ్గలు పొంగించి, ఫూ అని ఊదింది.

ఎల్లమ్మకి ఒళ్లు ఝల్లుమంది. అది నిజమైన భయమే. దీపాన్ని నోటితో ఊదడం ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. దీపం ఆరిపోయింది అనే మాట కూడా ఆ ఇళ్లలో ఎవరూ అనరు, కొండెక్కింది అంటారు. కొండెక్కించాలంటే పాలలో ముంచిన పువ్వు తాకిస్తారు. అలాంటిది లక్ష్మి వచ్చే వేళ, నట్టింట్లో, ఎంగిలి గాలితో! భయం వెనకాలే సంతోషం కూడా వచ్చింది. ఇన్నాళ్లకి దొరికింది. రెండూ కలిసి ఆమెని పూజగదిలోకి తోశాయి.

"అమ్మా, ఒక్క మాట. చెప్పాల్నో వద్దో తెల్వదు" అంది. చెప్పాలనుకునేవాళ్లందరూ అలాగే మొదలుపెడతారు.

"ఏంటి ఎల్లమ్మా?"

"గా పిల్ల రోజు దీపాన్ని నోటితోని ఊదుతుందమ్మా. నా కండ్లతోని చూసిన. సినిమా రిలీజ్ దగ్గరికొచ్చె, అయ్యగారికి మంచి జరగాల్నంటిరి. నాకైతే కాళ్లు చేతులు వణుకుతున్నయ్."

లక్ష్మీకాంతమ్మ గారి చేతిలోని కుంకుమ భరిణె టక్కున కిందికి దిగింది. "ఊదుతోందా? సంధ్యవేళా? అయ్యో అయ్యో! వర్ణికేమో ఆఫీసులో ఉంటుంది, నేనేమో పూజలో ఉంటాను, ఎవరూ చూసుకోలేదు. రిలీజు ముందు పెట్టుకుని ఇదేం పనమ్మా!" కాసేపు ఆలోచించి, "అమ్మాయికి చెబితే మూఢనమ్మకం అంటుంది. చెప్పొద్దులే. నవత వెలిగించనీ. కొండెక్కించడం మాత్రం నువ్వు చెయ్యి, పద్ధతిగా" అన్నారు.

ఎల్లమ్మ పూజగది గడప దాటేటప్పుడు మోకాళ్ల నొప్పి గుర్తే రాలేదు.

మర్నాటి సాయంత్రం నవత దీపం వెలిగించి గడియారం చూస్తుండగా ఎల్లమ్మ వెండి గిన్నెలో పాలు, చేమంతి పువ్వు పట్టుకుని హాల్లోకి వచ్చింది. నడకలో పాత దర్జా మళ్లీ వచ్చింది. సోఫాలో ఉన్న ఆడిటరు అలవాటుకొద్దీ కాళ్లు పక్కకు తీసుకున్నాడు.

"జరుగు" అంది కోడలితో.

"అత్తమ్మా, రాయి మీద ఏం వడొద్దన్నది చిన్నమ్మ."

"జిడ్డు వడొద్దన్నది. పాలు జిడ్డానే? దేవునికి వోసేటియి!" పువ్వుని పాలలో ముంచి మంట మీద అద్దింది. సుయ్ మంది. చిన్న ఆవిరి లేచింది. "గిట్ల. గిట్ల కొండెక్కియ్యాలె. సూసి నేర్సుకో."

"అమ్మగారు చెప్పిండ్రా?"

"మరి నా అంతట నేనొచ్చిన్ననుకున్నవా?"

నవత చిల్లుల మూత పెట్టింది. అత్తని ఎదిరిస్తే ఇంట్లో ఒకటి, అమ్మగారి మాట కాదంటే పనిలో ఒకటి. మధ్యలో ఆమె నోరు మూసుకుంది.

రోజూ అదే తంతు. కోడలు వెలిగించడం, అత్త పాలచుక్క వేయడం. ఎల్లమ్మకి ఎంత తృప్తిగా ఉండేదంటే, ఒక్కోరోజు మంట మీద అవసరం లేకపోయినా రెండోసారి కూడా పువ్వు అద్దేది. వారం తిరిగేసరికి పూలతోట వాసన పలచబడింది. వర్ణిక ఆఫీసు నుంచి వచ్చి గాలి పీల్చి, "ఏంటి నవతా, స్మెల్ రావట్లేదు? క్లీన్ చేస్తున్నావా?" అని అడిగేది. నవత వాసన లేని స్పిరిట్ పోసి వెలిగించి చూసేది, గుడ్డతో తుడిచేది, దిగులుగా అత్త వైపు చూసేది. ఎల్లమ్మ అప్పుడే కిటికీ ఊచల మీద దుమ్ము చాలా ఉందని కనిపెట్టేది.

అంతలో ఒక శనివారం సాయంత్రం శ్యామలాదేవి వచ్చారు. సుబ్రహ్మణ్యం గారి తర్వాతి సినిమాలో చేయాల్సిన హీరోయిన్‌కి ఆవిడ తల్లి. కూతురు ఏ సినిమా చేయాలో, ఏ రంగు చీర కట్టాలో, ఏ సోఫాలో కూర్చోవాలో ఆవిడే చెబుతుంది. సుబ్రహ్మణ్యం గారు కొత్త చొక్కా వేసుకుని ఎదురెళ్లారు. వర్ణిక ఇంట్లోనే ఉంది. ఆ రోజు దీపం బాగా వెలగాలని నవతకి ముందే చెప్పి పెట్టింది. ఎల్లమ్మ అతిథుల ముందు పని కాబట్టి పువ్వు ఒక్కటే కాదు, చెంచా కూడా తెచ్చింది. అతిథులూ వర్ణికా హాల్లోకి వచ్చేలోపే మంట కొండెక్కింది. రాయి పాలు తాగింది.

శ్యామలాదేవి కూర్చుని కాఫీ అందుకుని, కప్పు పెదవి దగ్గర ఆపారు.

"ఏమండీ, లోపల స్టవ్ మీద పాలు పొంగినట్టున్నాయి. ఎవరైనా చూడండి."

వంటమనిషి పరుగెత్తింది. వెనక్కొచ్చి, "స్టవ్ వెలిగించలేదండీ" అంది.

"మరి మాడు వాసన వస్తోందే!"

లక్ష్మీకాంతమ్మ గారు వెళ్లి చూశారు. సుబ్రహ్మణ్యం గారు వెళ్లి చూశారు. ఆఖరికి పక్కింటి వాళ్ల స్టవ్ కూడా వెళ్లి చూసొచ్చారు. ఎవరి పాలూ పొంగలేదు. వాసన మాత్రం పెరుగుతూనే ఉంది. శ్యామలాదేవి జేబురుమాలు ముక్కుకి పెట్టుకుని, "మా అమ్మాయికి ఈ వాసన అస్సలు పడదండీ. డేట్ల సంగతి ఇంకో రోజు మాట్లాడదాం" అని లేచారు. నిజానికి వాళ్లమ్మాయి ఆ రోజు రానే లేదు.

కారు గేటు దాటాక వర్ణిక వాసన వెతుక్కుంటూ వచ్చి సెంటు దీపం దగ్గర ఆగింది. చిల్లుల మూత తీసింది. తెల్లటి రాతి బిళ్ల గోధుమ రంగు పొరకట్టి, పెనం మీద మాడిన అట్టు అంచులా ఉంది.

"నవతా!"

నవత వచ్చింది.

"ఏం చేశావు దీన్ని? ఏం పోశావు దీని మీద? చదువుకున్న దానివని నమ్మి ఇచ్చాను కదా!"

నవత తల వంచుకుని నిలబడింది.

"మాట్లాడు!"

నవత చిల్లుల మూత అందుకుని కొంగుతో తుడవసాగింది.

"సరే. రేపట్నుంచి నువ్వు రావద్దు. మీ అత్తమ్మ ఉంది కదా, చాలు" అంది వర్ణిక.

ఎల్లమ్మ తలుపు వారనే ఉంది. విన్నది. మీ అత్తమ్మ చాలు! ఇన్నాళ్లూ ఆమె వినాలని తపించిన మాట అది. కళ్ల ముందు ఇత్తడి గిన్నె కదిలింది, పొగ కదిలింది, కాళ్లు పక్కకు తీసుకుంటున్న హీరోలు వరసగా కదిలారు. కోడలు ఇంట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతుంది. దాని చెయ్యికి బియ్యం వాసనే వస్తుంది. ఇక చేయాల్సిందల్లా నోరు తెరవకుండా ఉండటం.

ఉండేదేమో కూడా. ఈలోగా లక్ష్మీకాంతమ్మ గారు ఆమె పక్కకి వచ్చి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, చిన్న గొంతుతో అన్నారు.

"చూశావా ఎల్లమ్మా, నీ కోడలు ఎంత బంగారమో! నీ పేరు గానీ నా పేరు గానీ ఒక్క మాట బయటపెట్టలేదు. ఎంతమందికి ఉంటుంది చెప్పు అంత మంచితనం?"

బంగారం. మంచితనం. ఎల్లమ్మ కడుపులో కుంపటి భగ్గున మండింది. ఇన్నేళ్లు ఆ ఇంట్లో మోకాళ్లు అరగదీసుకుంటే తనని ఎవరూ బంగారం అనలేదు. పని పోతూ పోతూ కూడా ఆ పిల్ల మంచి పేరు కొంగున కట్టుకుని పోతోంది! వాసన దానికే, మెచ్చుకోలు దానికే, ఇప్పుడు మంచితనం కూడా దానికేనా?

ఎల్లమ్మ విసురుగా హాల్లోకి వచ్చింది.

"పాలు వోసింది నేను చిన్నమ్మా!"

వర్ణిక తిరిగి చూసింది. "ఏంటి?"

"రోజు నేనే వోసిన. నోటితోని ఊదితే అరిష్టమని పువ్వుతోని కొండెక్కిచ్చిన. ఇయ్యాల చెంచతోని వోసిన. గీమె వద్దు వద్దనే అన్నది. గీమె ఊకున్నదని గీమె ఒక్కతే మంచిదైతదా? నేను గూడ చెప్తున్న గద! నన్ను గూడ సూడుండ్రి!" కాస్త ఊపిరి పీల్చుకుని, లక్ష్మీకాంతమ్మ గారి వైపు ఓరగా చూసి, "అమ్మగారికైతే ఏం తెల్వదు. అంత నా సొంత తెలివే" అని కూడా అంది. మంచితనంలో కోడలి కంటే ఒక మెట్టు పైన ఉండాలిగా మరి.

దాంతో లక్ష్మీకాంతమ్మ గారికి నిలబడే చోటు లేకుండా పోయింది. ముఖం ఎర్రబడింది. "లేదమ్మా వర్ణికా. నేనే చెయ్యమన్నాను. నీకు చెప్పొద్దన్నదీ నేనే" అన్నారు.

వర్ణిక ముగ్గురి ముఖాలూ చూసింది. కోపం తెచ్చుకోవడానికి ఎవరిని ఎంచుకోవాలో అర్థం కాక సోఫాలో కూలబడింది. సుబ్రహ్మణ్యం గారు గుమ్మంలో నిలబడి, "ఈ సీన్ ఏదో బాగుందే" అన్నారు. లక్ష్మీకాంతమ్మ గారు చూసిన చూపుకి లోపలికి వెళ్లిపోయారు.

"నవత రేపు రావొచ్చు గద చిన్నమ్మా?" అంది ఎల్లమ్మ. అడగడం ఇష్టంలేని మాట అది, కానీ అడగకపోతే చేసిన మంచి సగంలో ఆగిపోతుంది.

"రావాలి. ఇద్దరూ రావాలి. ఈ దీపం బాగుచేసే దాకా ఇద్దరూ ఎక్కడికీ పోవద్దు" అంది వర్ణిక.

మర్నాడు పెరట్లో అత్తాకోడళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. బుడ్డిలోని పాత స్పిరిట్ ఒంపేశారు. నవత పళ్లు తోముకునే పొడి బ్రష్షుతో రాతి బిళ్ల మీద పొరని మెల్లగా రాల్చింది. నీళ్లు తగలనివ్వలేదు. వాసన లేని స్పిరిట్ పోసి, వత్తి నానబెట్టి, వెలిగించి, మంటపోయాక చల్లారనిచ్చి, మళ్లీ వెలిగించింది. ప్రతిసారీ మాడిన పాల కంపు కొంచెం కొంచెం తగ్గింది.

"అత్తమ్మా" అంది నవత, కళ్లు దీపం మీదే పెట్టి. "నా గురించి చెప్పినవు గద, మంచి పని జేసినవ్."

"నీ కోసం జెప్పిన్ననుకున్నవా? నువ్వొక్కదానివే మంచిదానివైపోతుంటివి, సూడలేక చెప్పిన."

నవత నవ్వింది. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఆ నవ్వు మీద తనకి కోపం రాకపోవడం చూసి ఎల్లమ్మకే చిరాకేసింది.

సాయంత్రానికి బిళ్ల తెల్లబడింది. ఒక మూల కందిగింజంత మరక మాత్రం పోలేదు, అది అలాగే ఉండిపోయింది. పూల వాసన స్పిరిట్ పోసి వెలిగిస్తే హాలంతా మళ్లీ తోట. అందరూ చుట్టూ చేరారు. మంట లేచింది. ఇక ఆపాలి. ఎలా ఆపాలి?

"ఊదాలి" అంది వర్ణిక.

"నోటితో వద్దమ్మా. రిలీజు వారమే ఉంది" అన్నారు లక్ష్మీకాంతమ్మ గారు బతిమాలుతున్నట్టు.

"పాలు మాత్రం వద్దు" అంది నవత గబుక్కున.

రాయి వేడెక్కిపోతోంది. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. ఎల్లమ్మ పెరట్లోకి వెళ్లింది. మూలన పడి ఉన్న అట్టముక్క దుమ్ము దులిపి తెచ్చింది. సగం ముఖం హీరోయిన్, ఒక కన్ను, నాలుగు పళ్లు.

"జరుగుండ్రి" అంది.

ఒక్క విసురు విసిరింది. ఆ ఒక్క కన్ను రెపరెపలాడింది. మంట కొండెక్కింది. రాతి మీద నుంచి వాసన మెల్లగా లేచింది.

లక్ష్మీకాంతమ్మ గారు దండం పెట్టుకున్నారు. వర్ణిక, "ఓకే, ఇది పర్వాలేదు" అంది. ఆమె నోటి నుంచి అది పెద్ద పొగడ్తే. అయినా బంగారం అనలేదని ఎల్లమ్మ గమనించింది.

అలా ఆ ఇంటి సాయంత్రం ఇద్దరి మధ్య పంపకమైంది. తుడవడం, పోయడం, వెలిగించడం నవతది. కొండెక్కించడం ఎల్లమ్మది. హాల్లో ఎవరున్నా కాళ్లు పక్కకు తీసుకోవాల్సిందే, అట్ట విసరడానికి జాగా కావాలంటుంది. రెండు జానెల అట్టకి నాలుగు గజాల జాగా! సినిమా ఎలా ఆడిందని మాత్రం అడక్కండి. ఆ ఇంట్లో ఆ మాట ఎత్తరు. దీపం సంగతి వేరు అని లక్ష్మీకాంతమ్మ గారి నమ్మకం.

ఎల్లమ్మ కుళ్లు పోయిందా అంటే ఎక్కడ పోతుంది? ఇంటికొచ్చాక తిరుమలేశ్ పెళ్లాం చెయ్యి వాసన చూస్తే ఇప్పటికీ మూతి ముడుచుకునేది. ఒకరోజు తాత ఆమె చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏమొస్తుంది?" అంది ఆశగా.

"అట్టముక్క వాసన" అన్నాడు. ఆమె చెయ్యి లాక్కోబోతుంటే వదలకుండా, "గా అట్ట మీదున్న బొమ్మ సినిమాకు లైట్లు మోసింది నేనే. నాకీ వాసనే మంచిగుంది" అన్నాడు. ఆ రోజు కూర రెండు గరిటెలు పడింది.

రోజూ దీపాలు పెట్టే వేళ నవత మంట వెలిగించి, గడియారం చూసి, "అత్తమ్మా, ఇగ ఇసురు" అని పిలిచేది. ఎల్లమ్మ కర్టెన్ వెనకే, అట్ట చేతిలో పట్టుకుని, చెప్పులు విడిచి, కొంగు దోపుకుని ఎప్పటి నుంచో సిద్ధంగా నిలబడి ఉండేది. అయినా కదిలేది కాదు.

"అత్తమ్మా! రాయి కాలిపోతుంది, రా!"

రెండోసారి పిలిచాక, "వస్తున్న, వస్తున్న, నేను లేకుంటే ఒక్క పని కాదు ఈ ఇంట్ల" అని గొణుక్కుంటూ బయటికొచ్చేది.